తూకం గుండు

సభలో బల్ల మీద పద్నాలుగు రోజులుంది ఆ పుస్తకం.
భవన నియమావళి, మూడొందల పన్నెండు పేజీలు.
ఆ పద్నాలుగు రోజులూ నేనక్కడే ఉన్నాను
షార్ట్‌హ్యాండ్ నోట్‌బుక్కుతో, గోడవార కుర్చీలో.
దాని మీద ఒకరు కళ్లజోడు పెట్టారు.
ఒకరు మజ్జిగ గ్లాసు.
అట్ట మీద ఆ గుండ్రటి మచ్చ ఇంకా ఉంది.
పదిహేనో రోజుకి
ఎవరూ వద్దనలేదు కనక
అందరూ ఔనన్నట్టే లెక్క.

మూడేళ్లకు
తాడిపత్రి దారిలో ఒక బడి వరండా కూలింది.
పిల్లలు ఆ పూట ఆటల్లో ఉన్నారు, బతికారు.
అప్పుడొచ్చింది కమిటీ అనంతపురానికి.
అతిథిగృహంలో పదకొండుకు విచారణ,
ఉగ్గాని, బజ్జీలు అయ్యేసరికి పన్నెండున్నర.

ఇంజనీరు అన్నాడు: అంతా నియమం ప్రకారమే.
కార్యదర్శి అన్నాడు: ఢిల్లీ నమూనానే అండీ,
మనం రాష్ట్రం పేరు మాత్రం మార్చాం.
రాసుకున్నాను. పేరు మాత్రం.

చివర్న బేల్దారి హుస్సేనప్ప.
కూర్చోమన్నా కూర్చోలేదు, చేతిసంచి కింద పెట్టలేదు.
"నలభై ఏండ్లు మిద్దెలు కట్టినా సార్,
నాపబండ పరిచి, చౌడుమన్ను తొక్కి.
మీ బుక్కులో సముద్రం గాలికి నాలుగు పేజీలుండాయంట,
మా మనవరాలు సదివి చెప్పింది.
మా తావ సముద్రం యాడుంది సార్?
ఎండకు నెర్రెలిచ్చే గోడకు ఒక్క ముక్క ల్యా.
చౌడుమిద్దె అనే మాటే ల్యా.
దీన్ని ఒప్పుకునేటప్పుడు
సదివినోళ్లు ఎవురు సార్?"

ఫ్యాను తిరుగుతోంది.
అధ్యక్షులు నీళ్లు తాగారు.
సభ్యురాలు ఓబుళమ్మగారు మాత్రం
పుస్తకం దగ్గరికి లాక్కుని తెరిచారు.
అతుక్కున్న పేజీలు విడిపోతున్న చప్పుడు
ఆ గదిలో అందరికీ వినిపించింది.

హుస్సేనప్ప సంచిలోంచి తూకం గుండు తీశాడు.
ఎవరూ అడగలేదు.
కట్టెముక్కను గోడకు ఆనించి దారం వదిలాడు.
ఊగింది.
ఊగింది.
నిలిచింది.
గోడకూ గుండుకూ నడుమ రెండు వేళ్ల సందు.
"ఇదీ రూలు ప్రకారమే కట్టినారా?"

కుర్చీలు కొంచెం జరిగాయి, గోడకు ఎడంగా.

ఇది రికార్డులోంచి తీసెయ్యమని
అధ్యక్షులు నా వైపు చూశారు.
గీత కొట్టాను.
సన్నగా,
కింద అక్షరాలు కనబడేట్టు.