తొమ్మిదా, ఏడా

తొమ్మిది పిచ్ ఫ్యాను బిగించుకొచ్చాడు గురయ్య,
బావమరిది బోటుకి అదే ఉందని.
బావమరిది బోటుకి తెరచాప లేదు,
అది నీళ్ళ మీద ఎగురుతుంది.
మాది నీళ్ళని తోసుకుంటూ పోతుంది,
నెలలు నిండిన మనిషి సంతలో నడిచినట్టు.

మొదటి రోజే ఒడ్డు మీంచి విన్నాను.
రేసంతా ఇచ్చినా ఇంజను గొంతు పైకి లేవలేదు,
మూట మోసేవాడి మూలుగు.
వెనక నల్లటి పొగ.
వంశధార మొగ దగ్గర మూడో కెరటానికి
తెప్ప ఆగి, ఆలోచించి,
అప్పుడు ఎక్కింది.
ఆ ఆలోచన నాకు నచ్చలేదు.

మర్నాడు ఫ్యాను విప్పించి
పాత లుంగీలో చుట్టి చేపల గంపలో పెట్టి
కళింగపట్నంలో బస్సెక్కాను.
కండక్టరు గంపకి టిక్కెట్టు కొట్టబోయి
వాసనకి మానేశాడు.

శ్రీకాకుళం కొట్లో కుర్రాడు
గోడ మీది పట్టిక మీద వేలు పెట్టాడు.
"ఎన్ని హార్సులమ్మా ఇంజను?"
"అదెందుకు, బరువడుగు."
నలుగురు మనుషులు, మా మరిది ఒక్కడే ఇద్దరి పెట్టు.
తడిసిన వల. ఐసు పెట్టె. చాప, దాని కొయ్య.
ఎంత తోడినా అడుగున మిగిలే
రెండు బిందెల నీళ్ళు.

కుర్రాడు లోపలికి కేకేశాడు.
ముసలి మేస్త్రీ పాత్రుడు వచ్చి
బల్లలోకి ఒక స్క్రూ తిప్పాడు.
"ఒక్క చుట్టుకి ఎంత దిగిందో అదే తల్లీ పిచ్.
ఇది చెక్క కాబట్టి మాట వింది.
నీళ్ళు జారిపోతాయి.
బరువు మోసేవాడు బారలు చాపి నడుస్తాడేటి?
రెక్క వెడల్పు ఉంచు, అడుగు తగ్గించు."

ఏడు ఇచ్చాడు.
ఇసకలో గీరుకున్న తొమ్మిదిని మాత్రం వెనక్కి తీసుకోలేదు.
సగం డబ్బులిచ్చాను,
మిగతా సగం కానాగంతలు పడ్డాక.

"ఏడేటి? పిల్లల గిలకలాగుంది,
బావ నవ్వుతాడే" అన్నాడు గురయ్య.
"నవ్వనీ. ఆడు నవ్వేది ఒడ్డు మీదే కదా."

తెల్లారగట్ట విన్నాను.
గొంతు సన్నంగా పైకి లేచి అక్కడే నిలబడింది,
అరవకుండా, ఆయాసపడకుండా.
మూడో కెరటం దగ్గర తెప్ప ఏమీ ఆలోచించలేదు.

తొమ్మిది ఇప్పుడు మా తలుపుకి అడ్డం,
గాలికి కొట్టుకోకుండా.

మధ్యాహ్నం గాలి తిరిగాక చాపెత్తారు.
ఫ్యాను నీళ్ళలో ఉంటే కాలికి కట్టిన ఇటుకేనని
ఇంజనుని పైకి మడిచేశాడు.
అప్పు చేసి తెచ్చిన ఏడు
ఏ పనీ లేకుండా, నీళ్ళోడుతూ,
ఎండలో మెరుస్తూ వస్తోంది.