మూడో జత

కడప రేడియో స్టేషన్లో
నా మొదటి నాటిక రికార్డింగు ముగిసి
అందరూ టీకి పోయినారు.
దస్తగిరన్న కదల్లేదు.
ఆయన ముందు ఒక నల్ల కడప బండ,
రేకుడబ్బాలో గులకరాళ్ళు,
ఎండుటాకుల మీద నడకకని
గోనెసంచిలో శెనక్కాయ పొట్టు,
చట్రానికి బిగించిన మూరెడు తలుపు,
మూడు జతల చెప్పులు.

"పాపా, ఒక మాట" అన్నాడు.
"రెండో సీన్లో ఇంట్లోకి ముగ్గుర్ని రాస్తివి.
ఈ చేతుల్తోనే నడిపిస్తి.
బయటికి ఇద్దర్నే పంపిస్తివి.
ఈ మూడో జత యాడికి పాయ?"

కాయితాలు తిరగేసినాను.
మేనమామ.
అప్పుపత్రం సంగతి చెప్పడానికి పిలిపించినాను,
చెప్పించినాను,
ఆపైన మనిషినే మరిచిపోయినాను.
నాటిక అయిపోయినా
ఆయనింకా ఆ ఇంట్లోనే కూర్చొని ఉన్నాడు.
మంచినీళ్ళు అడగడానికి కూడా
ఒక్క మాట రాసివ్వలేదు నేను.

స్టూడియో అప్పటికే భజన బృందానికి ఇచ్చేసినారు.
మళ్ళీ రికార్డు చేసే వీల్లేకపోయింది.

ప్రసారమైనాక కార్డులు వచ్చినాయి.
గువ్వలచెరువు ఘాటులో ఆ వేళ
రాయచోటి బస్సే ఉండదని ఒకాయన.
అంత చదివిన పిల్ల
చూడకుండా సంతకం చేయడమేమిటి,
కథలో పెద్ద లొసుగు అని ఇంకొకాయన.
పొలం చివరికి ఎవరికి దక్కిందో
చెప్పకనే ముగిస్తిరి, నిద్ర పట్టలేదు అని
ప్రొద్దుటూరు నుంచి ఒకామె, ఎర్ర ఇంకుతో.

మేనమామ ఏమైనాడని
ఒక్కరూ అడగలేదు.

కార్డులన్నీ దస్తగిరన్నకు చదివినాను.
బస్సు మాటకు నవ్వినాడు.
"బస్సు లేకుంటే లారీ ఎక్కుతారు.
అది డిపో వాళ్ళతో తేల్చుకోమను."
సంతకం మాటకు నవ్వలేదు.
"భయం పట్టుకున్నాక చదువు యాడుంటాది?
మా చిన్నాయన లెక్కల అయివారు,
నోట్లు రెండింతలు చేసిస్తామన్నోనికి
జీతమంతా ఇచ్చొచ్చినాడు.
మనిషి తిక్కపని చేస్తే బొక్క గాదు పాపా.
కథ ముగిసిపోవల్ల అని
మనిషిని ఇంకో మనిషిని చేసేస్తారే,
అదీ బొక్క."

ప్రొద్దుటూరామె కార్డు
రెండుసార్లు చదవమన్నాడు.
మూరెడు తలుపుకు గొళ్ళెం వేస్తా, తీస్తా
శానాసేపు కూర్చున్నాడు.

"మా అన్న గఫార్.
బుగ్గవంక పొంగిన రేత్రి
ఎనుమును ఇప్పుకొస్తానని తలుపు తీసుకోని పాయ.
ఎనుము వచ్చింది.
ఆ రేత్రి నుంచి మా అమ్మ
తలుపుకు గొళ్ళెం పెట్టనియ్యలేదు.
నలభై ఏండ్లు.
దొంగలు గూడా చూసి చూసి
మా ఇంటి పక్కకు రావడం మానుకున్యారు.
మరి అది బొక్కేనా?"

నేను నోరు తెరవకముందే
ఆయనే అన్నాడు.
"గాదు. మాకు తెలియలేదు, అంతే.
మరిచిపోలేదు గదా.
నీ మేనమామను నువ్వు మరిచిపోతివి."

ఇప్పుడు కథ ముగించే ముందు
గడప దగ్గర కూర్చొని చెప్పులు లెక్కపెడతాను.
ఒక్కోసారి ఒక జతను
ఎవరికీ ఇవ్వకుండా అక్కడే ఉంచేస్తాను,
ఉంచినట్టు తెలిసేలా,
వాన పడితే తడిసేలా.
లెక్క తప్పిన కథలూ ఉన్నాయి.
అచ్చయినాక తెలుస్తుంది,
రాత్రిపూట,
లోపలెవరో దగ్గినట్టు.

కానీ ఆ పొద్దు దస్తగిరన్న
చెప్పులన్నీ సంచిలో సర్దుకొని
లైటు ఆర్పేముందు అన్న మాట
ఏ కథలోనూ ఇమడలేదు.

"ఎన్ని నాటికల్లో
ఎన్ని ఇండ్లకు గొళ్ళెం పెట్టినానో.
మా ఇంటి గొళ్ళెం చప్పుడు మాత్రం
మరిచిపోయినా పాపా."