ముప్పై ఒకటో నంబరు

పాలమూర్ల క్లాక్ టవర్ సందులో
మెట్ల కింద నా దుకాణం.
పెండ్లి పత్రికలు, కులం సర్టిఫికెట్ దరఖాస్తులు,
ఈ నడుమ పరిశోధన పత్రాలు గూడ.
రెఫరెన్సుకు పది రూపాయలు.
సైన్సు నాకు రాదు.
కామా ఎక్కడ పడాల్నో వస్తది.

తస్నీమ్ మేడం తెచ్చింది ఆముదం మీద రాసింది,
గెలకు పట్టే బూజు మీద.
జర్నలోళ్లు తిప్పి పంపిన్రు.
విషయం మీద ఒక్క మాట అనలె.
సంపుటి నంబరు బొద్దుగ లేదట,
పత్రిక పేరు వాలి లేదట,
పేజీల నడుమ గీత పొట్టిగున్నదట.
"నలభై ఏడున్నయి, రాత్రికి అయితయా?"
అయితయని చెప్పిన.

ఒక్కొక్క పేరును తిరగేసుడు మొదలువెట్టిన.
మన దిక్కు ఇంటిపేరు ఒక్క అక్షరమై
గడప కాడ చెప్పులిడిచి నిలవడ్తది,
మనిషి నిండుగ లోపలికొస్తడు.
వీళ్లకు ఇల్లు నిండుగ గావాలె,
మనిషి ఒక్క అక్షరం, పక్కన చుక్క.
తొమ్మిదో నంబరు అరవాయన.
ఇంటిపేరే లేదు, తండ్రి పేరును ఇల్లు చేసిన.
పద్నాలుగు, పంతొమ్మిది ఒక్కరేనో ఇద్దరో
ఎంత ఎతికినా తెల్వలె.

ఆరుగురు దాటితే ఏడో పేరు కాడ కోసెయ్యాలె,
తదితరులు అని రాయాలె.
నాయిన పోయిన కాలువ పనుల మస్టరు
యాదికొచ్చింది:
మేస్త్రి పేరు, ఊరు, మరియు ఇరవై ఇద్దరు.
ఆ ఇరవై ఇద్దర్ల నాయిన ఎన్నోవాడో
ఆయనకు గూడ తెల్వదు.
కోసిన. నియమం నియమమే.

ముప్పై ఒకటి కాడ చెయ్యి ఆగింది.
"కుర్మన్న, కోయిల్‌కొండ."
అంతే.
సంవత్సరం లేదు, సంపుటి లేదు, పేజీ లేదు.
సాఫ్టువేరు ఇంటిపేరు గడిని ఎర్రగ జేసి
ముందుకు పోనిస్తలేదు.
ఫోన్ చేసిన.

"ఆయన రైతు" అన్నది మేడం.
"మొగులు పట్టిన నాడు గట్టు మీద నిలవడి చెప్పిండు,
చీమలు గెల దిగిపోయినయంటే
మూడొద్దులకు బూజొస్తదని.
రెండు వానకాలాలు లెక్కవెట్టిన.
పత్రమంతా ఆ లెక్కనే."

ఫోన్ పెట్టేసి
మిగిలిన నలభై ఆరింటి పేర్లు మల్ల చదివిన.
శిలీంధ్రమున్నది, తేమ శాతమున్నది,
మందు మోతాదున్నది.
చీమ లేదు.

జర్నలోళ్ల సూచనల్ల పదకొండో పేజీల దొరికింది:
నోటిమాట పట్టికలకు రాదు.
వాక్యంలనే, బ్రాకెట్ల నడుమ,
పేరు, తేదీ.

తీసేసిన.
కిందున్న పదహారు మంది తలా ఒక మెట్టెక్కిన్రు,
ఎవ్వరికేం తెల్వనట్టు.
వ్యాసంలకు పోయి నంబర్లన్ని దిద్దుకుంటొచ్చి,
చీమల వాక్యం చివర బ్రాకెట్ తెరిచి
కుర్మన్న అని కొట్టిన.
తిరగేసేందుకు ఏం లేదక్కడ.
అంత పత్రంల
పేరు నిండుగున్నది ఆయనకొక్కనికే.

తొమ్మిదింటికి మేడం వచ్చింది.
ఇంకో సంగతి జెప్పిన:
నోటిమాటకు గూడ కాగితం గావాలెనట,
చెప్పిన మనిషి సంతకంతోని.
మేడం నవ్వింది, నవ్వి కుర్చీల కూలవడ్డది.
"తెలుగుల కొట్టు. ఐతారం నాడు బస్సుల వోత."
కొట్టిన:
చీమల గురించి నేను చెప్పిన మాట నేనే చెప్పిన.
కింద గీత, సంతకానికి.
గీత కొంచెం పొడుగ్గనే పెట్టిన,
వేలిముద్రకు గూడ జాగ ఇడిచి.

ఐదు వందల నోటిచ్చింది. నలభై వాపసిచ్చిన.
పది తీసి మల్ల బల్ల మీద పెట్టింది.
"పట్టికల నలభై ఆరే మేడం."
"తెలుసు."

షట్టరు సగం దించి మల్ల కూసున్న.
పన్నెండో దాని లింకు
ఎన్నిసార్లు నొక్కినా తెరుసుకుంటలేదు.
రేపు పొద్దుగాల చూడాలె.