రాదు

లాకు ఆఫీసు రిజిస్టరులో ఆ రోజు నీటిమట్టం
అంగుళాలతో సహా ఉంది.
కింద ఒకే వరుస: ప్రాణనష్టం లేదు.

అంగుళాల్ని నమ్ముతాను.
ఒక అంగుళం దాచుకుంటే గుమస్తాకి ఒరిగేదేమీ లేదు.
రెండో వరుస కింద మాత్రం పెన్సిలుతో గీత గీశాను.
నేరేళ్లలంకకి అతను పడవెక్కి వెళ్లాడా?
ప్రయాణభత్యం పద్దులో ఆ నెల సున్నా.

రాజోలులో గ్రంధి వారి కొట్టు అటక మీద
గోనెపట్టాలో చుట్టిన అరువు ఖాతా దొరికింది.
శెట్టిగారు చరిత్ర రాయలేదు,
ఎవరెంత ఇవ్వాలో రాసుకున్నారు.
అందుకే ఆయన మీద నాకు గురి.

వరద తీసిన వారం,
లంకవాళ్ల పేర్లు పదకొండు.
పేరు పేరుకీ ఎదురుగా ఎర్రసిరాతో: రాదు.

బాకీ రాదు. అంతవరకే చదవాలి.
మనిషి పోయాడో, ఊరు వదిలాడో,
పొగాకు మునిగి చేతులెత్తేశాడో
ఆ రెండక్షరాలు చెప్పవు.
నేనే తొందరపడి నోటుబుక్కులో
'మృతులు పదకొండు' అని రాసి
సాయంత్రం పంటు మీద తిరిగొస్తూ కొట్టేశాను.

పన్నెండో పేరు దగ్గర సిరా చెమ్మకి ఊరింది.
పెసింగి గవరయ్య, రూపాయి పావలా,
రాదో,
రాడో.
ద అయితే లెక్క.
డ అయితే మనిషి.
భూతద్దం పెట్టి, ఎండకి పట్టి,
ఆయన దస్తూరీలో తక్కిన దలూ డలూ
నాలుగు పేజీలు ఎత్తి రాసుకుని పోల్చాను.
తొందరలో డ ని ద లా రాసే మనిషాయన.

మల్లాడి నూకరత్నం గారికి అప్పుడు ఆరేళ్లట.
ఆరో, ఎనిమిదో.
శ్రావణ శుక్రవారం అంటుంది ఆమె,
సెప్టెంబరు అంటుంది రిజిస్టరు.
నీళ్లు అటక నిచ్చెన నాలుగో మెట్టు దాకా అని
చెయ్యెత్తి చూపించింది.
కిందటి నెల మూడో మెట్టే చూపించింది.
మధ్యలో టీవీ వాళ్లు వచ్చి వెళ్లారు.

'గవరయ్యా? మా బాబాయి.
బాకీలెగ్గొట్టి యానాం ఎళ్లిపోయాడని అమ్మ చెప్పేది.'
'అమ్మకెవరు చెప్పారు?'
'అమ్మకెవరు చెప్తారు? అమ్మే.'

పద్దు చదివి వినిపించాను.
చుట్టలు ఒక కట్ట,
కిరసనాయిలు అరసీసా,
ఎర్రగాజులు రెండు జతలు, చిన్నవి.

'ఏ తేదీ?' అంది.
తేదీ ఉన్న మూల చెదలు తినేశాయి.

చాలాసేపు ఆమె ఏటి వైపు చూడలేదు.
కుడి మణికట్టు చుట్టూ
ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ
కలిపి చూసుకుంది.

'పెద్దవి అని ఉందేమో,
మళ్లీ ఓసారి చూడు బాబూ.'

చూశాను.
చిన్నవి.
ఆ మాట మీద చెమ్మ లేదు.