వాటం

జూన్ వానకి ఉబ్బి తలుపు మూసుకోవట్లేదు.
మూడు రోజులుగా నా మోడలూ అంతే,
డేటా చట్రంలో ఇమడదు.
రెండు కె.ఇ.వి. దగ్గర ఒక అంచు
బయటికి పొడుచుకునే ఉంటుంది.

ఆ నక్షత్రం పెద్దదేం కాదు.
హెబ్బాళలో ఒక కొస ఆనిస్తే
ఇంకో కొస ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఆగుతుంది,
రోజూ రెండు గంటలు నేను బస్సులో నిలబడే దూరం.
అంత ఒళ్ళు వేసుకుని
ఎనిమిది సెకన్లకోసారి గిర్రున తిరుగుతుంది.
దాని ఎక్స్ కిరణాలు వేల ఏళ్ళు నడిచొచ్చి
డిటెక్టరు మీద ఒక్కొక్కటే రాలతాయి,
గంటకి గుప్పెడు.

కోడ్‌లో నేను రాసుకున్నది ఇదీ:
వేడి మచ్చ ఒకటి, గుండ్రం.
దాని చుట్టూ మెలిదిరిగిన అయస్కాంతం.
ఆ మెలికల్లో పరిగెత్తే ఎలక్ట్రాన్లు
దారినపోయే కాంతిని ఆపి
చేతిలో ఇంకాస్త శక్తి పెట్టి పంపిస్తాయి.
గుండ్రం అని ఎవరు చెప్పారు?
ఎవరూ చెప్పలేదు.
లెక్క సులువవుతుందని నేనే అనుకున్నాను.

పదకొండింటికి వడ్రంగి వచ్చాడు, గవిరంగాచారి,
చింతామణి వైపు మనిషి,
సగం కన్నడం కలిసిన తెలుగు.
తలుపు ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టి
చిత్రిక పట్టే ముందు
అరచేత్తో పొడుగూతా తడిమాడు.
"ఏం చూస్తున్నారు?"
"వాటం మేడమ్. ఇట్లా తోస్తే పొట్టు వస్తుంది,
అట్లా తోస్తే పెచ్చు లేస్తుంది."

నవ్వాను. ఎందుకో చెప్పలేదు.
అంత అయస్కాంతం ముందు
శూన్యానికి కూడా వాటం వస్తుంది.
చెక్క కాదు, గాలైనా కాదు, ఏమీ లేని చోటు,
అయినా ఇటు వణికే కాంతిని ఒకలా
అటు వణికేదాన్ని ఇంకోలా పోనిస్తుంది.
కాకపోతే నక్షత్రం పొరల్లో
చారిగారి సూత్రం తిరగబడుతుంది:
రేఖకి అడ్డంగా ఊగేదే
లోతుల్నించి సులువుగా బయటపడేది.

సాయంత్రానికి మచ్చని సాగదీశాను,
ఒక పక్కకి వాలినట్టు, మెలిక వెంబడి.
అంచు తగ్గింది. పోలేదు.
రెండు దగ్గరిది మూడు దగ్గరికి జరిగింది.

కారిడార్‌లో కరెంటు పోయి వచ్చింది.
నేల మీద టేకు పొట్టు సుడులు సుడులు.
ఊడవడానికొచ్చిన హనుమక్క
ఒక చుట్టని వేలికి తొడుక్కుని
ఉంగరంలా అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

తలుపు కింద ఇంకా కొంచెం పట్టేస్తోంది.
"ఎండలొస్తే అదే సర్దుకుంటుంది" అని వెళ్ళాడాయన.
నా దానికి ఎండాకాలం లేదు.
రన్ మళ్ళీ మొదలుపెట్టి
తలుపు ఒకసారి తోసి, లాగి, వదిలేశాను.
వేళ్ళకి టేకు వాసన.