కొంగ లేని రెండు కాగితాలు

సెకనుకి పన్నెండు బొమ్మలు.
ఎనిమిది సెకన్ల కొంగకి తొంభై ఆరు.
లెక్క తేలికే. కొంగే రాదు.

మేడమీది గదిలో రెండు స్టూళ్ల మధ్య
పాత కిటికీ అద్దం పరిచి
కింద ట్యూబులైటు పెట్టుకున్నాను.
కాలేజీలో లైట్‌బాక్సంటే వేరు, పర్లాకిమిడిలో ఇదే.
కరెంటు పోయినప్పుడల్లా
కింది కాగితంలోని కొంగ
పై కాగితంలోంచి మాయమవుతుంది.
మళ్లీ వచ్చేదాకా ఇరవై మూడో రెక్క
ఇరవై నాలుగో రెక్క కోసం
గాల్లోనే.

మాస్టారు ఫోన్లో చూసి అన్నారు:
"ఎగురుతోందమ్మా. బరువు లేదు.
గాలికి కొట్టుకుపోయే పాలిథిన్ సంచీకీ
దీనికీ తేడా ఏమిటి?"
ఆ రాత్రంతా దుప్పటి నిండా రబ్బరు పొట్టు,
కళ్లు మూస్తే సంచీ.

పొద్దున్నే మహేంద్రతనయ గట్టుకి వెళ్లాను.
అవతల పాతపట్నం.
ఇటు వాళ్లకది బగ, అటు వాళ్లకి కొంగ.
ఏ పేరుకీ తల తిప్పకుండా
బురదలో తన పని తాను చూసుకుంటోంది.
పుస్తకంలో రాసుకున్నాను:
పైకి లేచే ముందు కిందికి కుంగుతుంది.
మెడ వెంటనే మడవదు,
నాలుగైదుసార్లు రెక్క కొట్టాక
ప్రయాణం ఖాయమైందని తెలిసి
సామాను సర్దుకున్నట్టు మడుస్తుంది.
కాళ్లు ఆఖర్న గుర్తొస్తాయి.

నేనేమో మొదటి బొమ్మలోనే మెడ మడిచేశాను.
తొమ్మిది కాగితాలు చింపాను.
మళ్లీ గీశాను. సంచీ కొంచెం తెలివైన సంచీ అయింది, అంతే.

మా వెనక వీధిలో పీతాంబర మహారాణా
కొమ్ము పని చేస్తాడు.
ఆకురాయి కింద కొమ్ము రాలుతుంటే
వీధంతా కాలిన వెంట్రుకల వాసన.
అరవై ఏళ్లుగా కొంగలే చెక్కాడు,
ఒక్కటీ ఎగిరేది కాదు.
ఎందుకు తాతా అంటే
పనిలోంచి తలెత్తకుండానే:
"మెడ నానొంచుతున్నానేటి గుంటా?
కొమ్ము ఎటొంగితే అటే కొంగ సూస్తాది.
నీ కాయితం ఎటైనా వొంగుతాది.
అదే నీ కష్టం."

చెక్కని కొమ్మొకటి చేతిలో పెట్టాడు.
అనుకున్నంత తేలిక కాదు.
గేదెది.
బతికినన్నాళ్లూ వీపు మీద ఒక కొంగని తిప్పింది,
పోయాక తలలోంచి
ఇంకో కొంగని ఇస్తోంది.

మర్నాడు గట్టు మీద కూర్చుని
కొంగని చూడలేదు, దాని కిందున్న గేదెని చూశాను.
నెమరు. తోక. నెమరు.
కొంగ ఎప్పుడు లేచిందో నాకు తెలీదు.
కాసేపటికి గేదె వీపు మీద చర్మం
ఒక్కసారి జలదరించింది,
ఈగని విదిలించినట్టు. ఈగ లేదు.
అక్కడున్నది ఇప్పుడు లేదని
ఆ చర్మానికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఇంటికొచ్చి వరస మార్చాను.
కొంగని తొంభై నాలుగుతోనే పంపించేశాను.
ఆఖరి రెండు కాగితాల్లో గేదె వీపొక్కటే.
ఒకదాంట్లో చిన్న ముడత,
రెండోదాంట్లో అది సర్దుకుంటూ.

పీతాంబర తాత మనవడు కునా
బొమ్మల కట్టని బొటనవేలితో జారవిడిచి చూశాడు.
మళ్లీ చూశాడు.
నలభయ్యో కాగితం మీద వాడి బెల్లం వేలి మరక.
చెరపలేదు. ఉండనీ,
సెకనులో పన్నెండో వంతు సేపు
కొంగ పక్కన ఒక చిన్న సూర్యుడు.

కొంగ గురించి వాడేమీ అనలేదు.
"ఎవుల్దీ గేదె?" అన్నాడు.

ఏం చెప్పాలో తోచక
పాతపట్నం వాళ్లదన్నాను.

"అయితే సీకటడకముందే
ఏరు దాటించాల కదా," అని
కట్టని మళ్లీ మొదటికి తిప్పాడు.