మూడో చప్పుడు

పది నంబరు నట్టు, చింతగింజంత.
వేలి కొసన కాస్త గ్రీజు రాసి
దాని మీద అతికించి
సెల్ఫ్ మోటారు వెనక్కి పోనిచ్చాను.
మోచెయ్యి దాటాక
చెయ్యి నాది కాదు.

టార్చి పెడితే చెయ్యి పట్టదు,
చెయ్యి పెడితే టార్చి పట్టదు.
చెంప ఛాసిస్‌కి ఆనించి
కళ్ళు మూసుకోవడమే.
తెరిచినా కనపడేది
క్యాబిన్ అడుగున ఎవడో అతికించిన
గుణదల మాత బొమ్మ, సగం చిరిగింది.

రాత్రి పదకొండైనా
ఆటోనగర్ రేకుల షెడ్డు
పగటి ఎండని వదలదు.
నున్న నుంచి మామిడికాయల లోడు,
లోపల ముగ్గుతున్న వాసన డీజిలుతో కలిసి.
డ్రైవరు కనకరాజు పాత టైరు మీద కూర్చుని
బీడీ బీడీకీ "అయిందా?" అంటాడు.
అవలేదు.

"చూడమాకరా, తడుము" అనేవాడు జోజప్ప.
"బిగించే ముందు వెనక్కి తిప్పు.
టక్కుమని ఓ మెట్టు దిగుద్ది.
అప్పుడు ముందుకి."
ఆ మెట్టు నా వేలికి తెలియడానికి
రెండేళ్ళు పట్టింది.
పాడుచేసిన ఒక్కో మరకీ
ఒక మొట్టికాయ.

ఆయన బొటనవేలు సగమే ఉండేది.
మిగతా సగం
ఒక అంబాసిడర్ ఫ్యాన్ బెల్టు తీసుకుంది.
"సందుల్లోకి సరిపోయింది లే" అనేవాడు,
నవ్వుతూ కాదు,
పానా సైజు చెప్పినట్టు.

నాకు వేళ్ళన్నీ ఉన్నాయి, లావుగా.
మా ఆవిడ దిద్దు వెనక శీల
ఒక్కసారి బిగించబోయాను.
అది ఇంకా మంచం కిందే ఎక్కడో ఉంది.

బోల్టు కొస తగిలింది.
నట్టు ఆనించాను.
వెనక్కి, ఇంకాస్త వెనక్కి,
మెట్టు దొరికేలోపు
ముక్కు కొసన చెమట చుక్క
దురద పెట్టింది.

టింగ్.
టింగ్.

మూడోది వినపడలేదు.

నేల మీద పడితే గచ్చు చెబుతుంది.
గచ్చు ఏమీ చెప్పలేదంటే
లోపలే ఏ గూట్లోనో కూర్చుంది.
పాత స్పీకరు అయస్కాంతం
బ్రేకు వైరుకి కట్టి దింపాను.
ఇనుములో ఇనుముని వెతకమంటే
అదేం చేస్తుంది,
కనపడినదాన్నల్లా ముద్దాడింది.
గేర్లలోకి పోయే దారి లేదులే అని
రెండుసార్లు తడిమి చూసుకుని
డబ్బాలోంచి ఇంకోటి తీశాను.

సుభానీ, పాలిటెక్నిక్ సెలవులకి వచ్చినవాడు,
"నేను పెట్టనా అన్నా" అన్నాడు.
వాడి చెయ్యి
ములక్కాడలా లోపలికి పోయింది.
"ముందు వెనక్కి..." అని నేను మొదలెట్టానో లేదో
"టక్కుమంది" అన్నాడు.
దాచిపెట్టుకున్న మొట్టికాయ
నా గుప్పిట్లోనే ఉండిపోయింది.

రెండున్నరకి బండి స్టార్టయింది.
కనకరాజు డబ్బులిచ్చి
రెండు కాయలు కూడా ఇచ్చాడు,
బాగా మాగినవి, ఎలాగూ ఊరు దాటేసరికి కుళ్ళేవి.
సుభానీ గోనెసంచి మీద వాలిపోయాడు.

లారీ మలుపు తిరిగి
కాలవ మీద పలక ఎక్కి
వెనక చక్రాలు దడేల్మన్నాయి.

టింగ్.

డ్రైవరుకి వినపడి ఉండదు.
కుక్కొకటి తల ఎత్తి మళ్ళీ పడుకుంది.
టార్చి పట్టుకుని
రోడ్డు మీద వంగి నడుస్తున్నాను,
కాలవ అంచు, గులకరాళ్ళు, గుట్కా కాగితాలు.
నట్టు ఖరీదు
రూపాయిన్నర.